కారుకి అంటించిన స్టిక్కర్ పీకడం వెనక వందేళ్ల కథ



ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు, యుద్ధాలు లేవు. ఈ రోజు టాపిక్ ఒక స్టిక్కర్. కారు మీద అంటించే పెద్ద వినైల్ స్టిక్కర్. దాన్నే ఇప్పుడు అందరం ర్యాప్ అంటున్నాం కదా, అది. దాన్ని అంటించడం గురించి యూట్యూబ్ నిండా వీడియోలు ఉన్నాయి. నేను చెప్పబోయేది దాన్ని పీకడం గురించి. పీకడానికి కూడా చరిత్ర ఉంటుందా అంటారేమో. ఉంది. వందేళ్ల చరిత్ర ఉంది. పోయిన నెల ఇంటి ముందు రెండు ఆదివారాలు నేనూ మా నాన్నా ఆ పని చేశాం కాబట్టే ఈ ఎపిసోడ్ వచ్చింది.

ముందు సంగతి చెప్తాను. మా నాన్న విజయవాడలో క్యాబ్ నడుపుతారు. 2014లో సెకండ్ హ్యాండ్‌లో ఒక తెల్ల కారు కొన్నారు. 2018లో ఒక యాడ్ ఏజెన్సీ మనిషి స్టాండ్‌కి వచ్చి, కారు వెనక రెండు డోర్ల మీద, డిక్కీ మీద మా యాడ్ వేయించుకుంటే నెలకి 1,500 ఇస్తాం అన్నాడు. ఏడాది అగ్రిమెంట్. ఏడాది అయ్యాక మేమే వచ్చి స్టిక్కర్ తీసేస్తాం అని కాగితం మీద కూడా రాశారు. డబ్బులు నాలుగు నెలలు వచ్చాయి. ఐదో నెల నుంచి ఫోన్ స్విచ్ ఆఫ్. అంతే, ఆ యాడ్ మాత్రం మా కారు మీద ఉండిపోయింది. ఊళ్లో ఎవరూ వాడని ఒక యాప్ పేరు మోసుకుంటూ నాన్న ఇన్నేళ్లూ తిరిగారు, ఫ్రీగా.

మరి ఎందుకు తీయించలేదు అంటే, రేడియం షాపులో అడిగితే నాలుగు వేలు అన్నారు. నాన్న లెక్క ఏంటంటే, ఉంటే ఉండనీ, కింద పెయింట్‌కి గీతలు పడకుండా కాపాడుతుంది కదా అని. ఈ లెక్క సగం కరెక్టు, సగం తప్పు. ఎందుకో తర్వాత చెప్తా.

ఇప్పుడు నాన్నకి నడుం నొప్పి ఎక్కువైంది. కారు అమ్మేద్దాం అనుకున్నాం. కొనేవాడు వచ్చాడు, ఇంజన్ చూశాడు, టైర్లు చూశాడు, చివరికి డోర్ మీద గోటితో గీకి, "అన్నా, ఈ స్టిక్కర్ తీసి చూపించండి. కింద ఏముందో చూసి రేటు మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఎడమ వైపు వెనక డోర్ మీద, ఆ స్టిక్కర్ కింద ఏముందో మా ఇంట్లో నా ఒక్కడికే తెలుసు. అది చివర్లో చెప్తాను. ముందు వందేళ్లు వెనక్కి వెళ్దాం.

1920లు. అమెరికా. అప్పటిదాకా కారుకి రంగు వేయడం అంటే వారాల తరబడి పని. ఒక కోటు వేయాలి, ఆరబెట్టాలి, రుద్దాలి, మళ్లీ వేయాలి. 1923లో డ్యూపాంట్ కంపెనీ త్వరగా ఆరిపోయే డ్యూకో అనే లాకర్ పెయింట్ తెచ్చింది. జనరల్ మోటార్స్ వాళ్లు దాన్ని ఓక్‌లాండ్ కార్ల మీద వాడారు. రంగు త్వరగా ఆరుతోంది, రకరకాల రంగులు దొరుకుతున్నాయి. ఇంకేం, జనానికి ఒక రంగు చాల్లేదు. కారు పైన ఒక రంగు, కింద ఇంకో రంగు. టూ టోన్ ఫ్యాషన్ అన్నమాట. ఇప్పుడు మనవాళ్లు నల్ల రూఫ్ కోసం ఎక్స్‌ట్రా డబ్బులు కడుతున్నారు కదా, ఆ పిచ్చి వందేళ్ల నాటిది.

కానీ రెండు రంగుల మధ్య గీత నీట్‌గా రావాలంటే, ఒక రంగు వేసేటప్పుడు రెండోదాన్ని కప్పాలి. పెయింటర్లు ఏం చేసేవారంటే, న్యూస్‌పేపర్లూ మందపాటి కాగితాలూ జిగురు పెట్టి అంటించేవారు. పని అయ్యాక పీకితే, కాగితంతో పాటు కింద ఉన్న కొత్త పెయింట్ కూడా ఊడి వచ్చేది. మళ్లీ మొదటికి. చేసిన పనంతా పోయేది, కూలీ కూడా పోయేది.

1923లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ ఊళ్లో ఇలాంటి ఒక కార్ల షెడ్డుకి ఒక కుర్రాడు వెళ్లాడు. పేరు రిచర్డ్ డ్రూ. వయసు ఇరవై నాలుగు. ఇంజనీరింగ్ మధ్యలో మానేశాడు. బ్యాంజో వాయించుకుంటూ డబ్బులు సంపాదించేవాడు. తర్వాత త్రీఎం కంపెనీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాడు. త్రీఎం అంటే ఇప్పుడు మనకి టేపులు గుర్తొస్తాయి గానీ, అప్పట్లో అది గరుకు కాగితం, అంటే శాండ్‌పేపర్ అమ్ముకునే కంపెనీ. ఈ కుర్రాడు వచ్చింది కూడా కొత్త శాండ్‌పేపర్ టెస్ట్ చేయించడానికే. వచ్చేసరికి ఒక పెయింటర్ పెయింట్ ఊడిపోయిన కారు ముందు నిలబడి బూతులు తిడుతున్నాడు. డ్రూ అక్కడికక్కడే, దీనికి నేనొక మంచి టేపు చేసిస్తాను అని మాట ఇచ్చేశాడు. టేపు ఎలా చేయాలో అతనికి అప్పటికి తెలీదు.

రెండేళ్లు పట్టింది. పై అధికారి ఒక దశలో, ఇది మానేసి నీ పని నువ్వు చూసుకో అన్నాడు కూడా. వదల్లేదు. చివరికి చెక్క పనివాళ్లు వాడే జిగురులో గ్లిజరిన్ కలిపి, ముడతల ముడతల కాగితానికి రాసి 1925లో మాస్కింగ్ టేపు తయారు చేశాడు. మన పెయింటర్లందరి దగ్గరా ఉండే లేత గోధుమ రంగు టేపు ఉంది కదా, అదే. గోధుమ రంగు కూడా ఆ రోజు నుంచే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. గట్టిగా అంటుకునే జిగురు మనిషికి వేల ఏళ్ల నుంచి తెలుసు. తుమ్మ బంక తెలుసు, వజ్రం బంక తెలుసు, మైదా పిండి ఉడికించి సినిమా పోస్టర్లు అంటించడం తెలుసు. డ్రూ కనిపెట్టింది అంటుకునేదాన్ని కాదు. అంటుకుని, చెప్పినప్పుడు వదిలేసేదాన్ని. కారు పెయింట్ దెబ్బతినకుండా వదిలేసేదాన్ని. అంటే మా నాన్న కారు దగ్గర మేము పడ్డ బాధ, సెయింట్ పాల్‌లో ఆ పెయింటర్ పడ్డ బాధ ఒక్కటే.

డ్రూ టేపు మొదట్లో వెడల్పంతా కాకుండా అంచుల దగ్గర మాత్రమే జిగురుతో వచ్చిందట. అది సరిగ్గా అంటుకోక జారిపోతే, ఒక పెయింటర్ ఒళ్లుమండి, జిగురు దగ్గర ఇంత పిసినారితనమా అనే అర్థంలో 'స్కాచ్' అని తిట్టాడని చెబుతారు. స్కాట్లాండ్ వాళ్లు పిసినారులు అని అప్పట్లో అమెరికాలో ఒక వెక్కిరింత ఉండేది. ఆ తిట్టే బ్రాండ్ పేరు అయిపోయింది. స్కాచ్ టేప్.

పదేళ్ల తర్వాత, 1935లో లాస్ ఏంజెలస్‌లో స్టాంటన్ ఏవరీ అనే అతను ఇంకో మెట్టు ఎక్కాడు. పెళ్లి చేసుకోబోయే అమ్మాయి దగ్గర వంద డాలర్లు అప్పు తీసుకుని, పాత వాషింగ్ మెషిన్ మోటారూ, కుట్టు మిషన్ పార్టులూ కలిపి ఒక మిషన్ కట్టి, వెనక జిగురున్న లేబుళ్లు తయారు చేశాడు. తడి చేయక్కర్లేదు, వెనక కాగితం తీసి అంటించడమే. అతని కంపెనీ పేరు కమ్ క్లీన్. అంటే ఏంటి? శుభ్రంగా ఊడొస్తుంది అని. చూశారా, అతను కూడా బాగా అంటుకుంటుంది అని పేరు పెట్టుకోలేదు. బాగా ఊడొస్తుంది అని పెట్టుకున్నాడు. ఆ కంపెనీయే తర్వాత ఏవరీ డెనిసన్ అయింది. ఇప్పుడు కార్ల ర్యాప్ ఫిల్మ్ అమ్మే పెద్ద కంపెనీల్లో త్రీఎం ఒకటి, ఇది ఒకటి.

సరే, జిగురు కథ అయింది. ఇక ఆ ప్లాస్టిక్ షీట్ కథ. వినైల్ అంటే పీవీసీ. మన ఇంట్లో నీళ్ల పైపులు, కరెంటు వైరు మీద తొడుగు, చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో కొనుక్కున్న గాలి బొమ్మలు, అన్నీ పీవీసీనే.

1872లో ఆయ్‌గన్ బౌమన్ అనే జర్మన్ కెమిస్టు వినైల్ క్లోరైడ్ అనే వాయువుని గాజు గొట్టంలో పెట్టి ఎండలో ఉంచాడు. అందులో తెల్లటి గట్టి పదార్థం తయారైంది. అదే పీవీసీ. అంటే ఎండ వల్ల పుట్టిన ప్లాస్టిక్ ఇది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. గట్టిగా, పెళుసుగా ఉండేసరికి దానితో ఏం చేయాలో చాలా ఏళ్లు ఎవరికీ తోచలేదు.

1926లో అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్లో, గుడ్‌రిచ్ అనే టైర్ల కంపెనీలో వాల్డో సెమన్ అనే కెమిస్టు ఒక పని మీద ఉన్నాడు. రబ్బరుని ఇనుముకి అంటించే జిగురు కనిపెట్టాలి. దానికోసం పనికిరాదనుకున్న ఈ పీవీసీని తీసుకుని, మరిగే ద్రవాల్లో వేడి చేసి చూశాడు. జిగురు రాలేదు. కానీ పీవీసీ మెత్తబడి, సాగుతూ, రబ్బరులా వంగే పదార్థం వచ్చింది. ఇనుముకి అంటుకునే జిగురు కోసం వెతికితే ఇనుముకి అంటుకోని మెత్తటి షీట్ దొరికిందన్నమాట. ఈ రోజు కారు ఇనప రేకు మీద మనం అంటిస్తున్నది ఆ షీట్‌నే. సెమన్ నిండు నూరేళ్లు బతికి 1999లో పోయాడు. రంగురంగుల వినైల్ తొడుక్కుని బస్సులూ కార్లూ తిరగడం ఆయన కళ్లముందే మొదలైంది.

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం. పీవీసీ మెత్తగా ఉండటానికి కారణం అందులో కలిపే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం. కొత్తగా చేసిన జంతికలు ఉదయం కరకరలాడతాయి, సాయంత్రానికి మెత్తబడతాయి. ఇక్కడ దానికి రివర్స్. వినైల్ కొత్తలో మెత్తగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె మెల్లగా బయటికి పోతుంది, కొంత గాల్లోకి, కొంత వెనక జిగురులోకి. షీట్ పెళుసవుతుంది, కుంచించుకుపోతుంది. ఎండ దానికి తోడైతే పీవీసీ గొలుసు నుంచి క్లోరిన్ ఊడిపోయి, రంగు మారి, పగుళ్లు వస్తాయి. ఎండలో పుట్టింది ఎండలోనే చస్తుంది. విజయవాడ ఎండ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ర్యాప్ ఫిల్మ్‌లో రెండు రకాలు. ఒకటి క్యాలెండర్డ్. చపాతీ పిండిని కర్రతో ఒత్తినట్టు, వేడి ప్లాస్టిక్ ముద్దని రోలర్ల మధ్య నొక్కి షీట్ చేస్తారు. చవక. కానీ బలవంతంగా సాగదీసింది కాబట్టి, ఎండ తగిలితే మళ్లీ ముడుచుకుపోవాలని చూస్తుంది. రెండోది క్యాస్ట్. ఇది దోసె లాంటిది. ద్రవంగా పల్చగా పోసి, వేడి మీద ఆరబెడతారు. ఎవరూ ఒత్తలేదు కాబట్టి అది అలాగే ఉంటుంది. పల్చగా ఉంటుంది, వంపుల మీద చక్కగా కూర్చుంటుంది, తీసేటప్పుడు పెద్ద ముక్కగా వస్తుంది. ఖరీదు ఎక్కువ. మా కారు మీద వేసింది చపాతీయే అని పీకడం మొదలుపెట్టిన ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది.

ఇంతకీ కారు మొత్తానికి రంగు బదులు ఫిల్మ్ వేయాలనే ఆలోచన ఎలా పెరిగింది? దీంట్లో ట్యాక్సీవాళ్ల పాత్ర పెద్దది. క్యాబ్ డ్రైవర్ కొడుకుగా ఈ భాగం చదివినప్పుడు నాకు భలే అనిపించింది.

జర్మనీలో ట్యాక్సీలు ఒకప్పుడు నల్లగా ఉండేవి. 1971 నుంచి అన్నీ ఒకే లేత దంతం రంగులో ఉండాలని రూల్ పెట్టారు. రంగుకి నంబర్ కూడా ఉంది, ఆర్‌ఏఎల్ 1015. రాత్రి పూట బాగా కనిపిస్తుంది, ఎండకి తక్కువ వేడెక్కుతుంది. బానే ఉంది. కానీ నాలుగైదేళ్లు తిప్పాక ట్యాక్సీని అమ్మాలంటే? ఆ రంగు చూడగానే ఇది ట్యాక్సీ అని అందరికీ తెలిసిపోతుంది. రేటు పడిపోతుంది. మన దగ్గర పసుపు నంబర్ ప్లేట్ బండికి రేటు తగ్గినట్టే.

1990లలో దీనికి వినైల్ ఫిల్మ్‌తో పరిష్కారం వచ్చింది. నల్లదో, వెండి రంగుదో మామూలు కారు కొనుక్కుంటారు. దాని మీద దంతం రంగు ఫిల్మ్ వేయిస్తారు. ట్యాక్సీగా తిప్పినన్నాళ్లు తిప్పి, అమ్మే రోజు ఫిల్మ్ పీకేస్తారు. కింద కంపెనీ పెయింట్ గీత లేకుండా మెరుస్తూ ఉంటుంది. తర్వాతి కాలంలో కొన్ని జర్మన్ రాష్ట్రాలు ఆ రంగు రూల్ సడలించాయి గానీ, అలవాటు మాత్రం మిగిలింది.

అంటే చూడండి, అక్కడ డ్రైవర్ ఫిల్మ్ వేయించుకునే రోజే, తీసే రోజు గురించి ఆలోచించాడు. తీయడం కోసమే వేయించాడు. మా నాన్న విషయంలో తీసే రోజు గురించి ఎవరూ ఆలోచించలేదు, ఒక కాగితం మీద రాశారంతే. తేడా అంతా అక్కడే ఉంది.

మన దేశంలో కూడా ఒకసారి అందరూ ఒకేసారి కార్ల మీద ఫిల్మ్ పీకిన రోజులు ఉన్నాయి, తెలుసా? మీలో కొంతమందికి గుర్తుండకపోవచ్చు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, అభిషేక్ గోయెంకా కేసులో, కారు అద్దాల మీద నల్ల ఫిల్మ్ అంటించడం కుదరదని తీర్పు ఇచ్చింది. మే 4 నుంచి అమలు. మోటారు వాహనాల రూల్స్ ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. అద్దం తయారయ్యేటప్పుడే ఆ రంగులో వస్తే ఓకే. విడిగా ఫిల్మ్ అంటిస్తే మాత్రం ఆ తీర్పు ప్రకారం అప్పట్లో నాట్ ఓకే. ఇంకేముంది, ఆ వేసవిలో ఎక్కడ చూసినా ట్రాఫిక్ పోలీసులు కార్లు ఆపి ఫిల్మ్ పీకించడమే.

అప్పటికి మా నాన్నకి సొంత కారు లేదు. ఒక ఓనర్ దగ్గర డ్రైవర్. పోలీసులు ఆపకముందే తీసేయమని ఓనర్ చెబితే, నాన్న మే నెల ఎండలో కూర్చుని తీశారు. పక్క అద్దాలు సబ్బు నీళ్లు కొట్టి సులువుగా తీసేశారు. వెనక అద్దం దగ్గర తొందరపడి బ్లేడు పెట్టారు. వెనక అద్దం మీద సన్నటి గీతలు ఉంటాయి కదా, మంచు పోగొట్టడానికి కరెంటు వెళ్లే డీఫాగర్ గీతలు. అందులో రెండు తెగిపోయాయి. ఆ డబ్బులు జీతంలో కోసుకున్నారు. అందుకే పోయిన నెల నేను బ్లేడు తీసుకురాగానే నాన్న నా చేతిలోంచి లాగేసి, "బ్లేడు జోలికి పోకు. గోరు చాలు" అన్నారు.

ఇప్పుడు మా రెండు ఆదివారాల సంగతి. ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకి పనికొస్తుంది, వినండి.

మొదట కారు శుభ్రంగా కడిగాం. మట్టి ఉంటే రుద్దినప్పుడు గీతలు పడతాయి. తర్వాత మా చెల్లి హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మూల వేడి చేశాం. ఎంత వేడి అంటే, చెయ్యి పెడితే బాగా వెచ్చగా ఉండాలి గానీ కాలకూడదు. వేడి చాలకపోతే ఫిల్మ్ అప్పడంలా విరుగుతుంది. మరీ ఎక్కువైతే ఫిల్మ్ వస్తుంది, జిగురు మొత్తం కారు మీదే ఉండిపోతుంది. మూల గోటితో లేపి, పాత ప్లాస్టిక్ కార్డు దూర్చి, రెండు చేతులతో పట్టుకుని, మన వైపుకి ఎదురుగా కాకుండా రేకుకి దగ్గరగా ఏటవాలుగా, నెమ్మదిగా లాగాలి.

నెమ్మదిగా అని ఎందుకంటున్నానంటే, ఈ జిగురు బెల్లం పాకం లాంటిది. మెల్లగా లాగితే సాగి వదులుతుంది. ఒక్కసారి గుంజితే గట్టిగా నిలబడుతుంది. అప్పుడు ఆ బలమంతా కింద పెయింట్ మీద పడుతుంది. గట్టిగా గుంజితే త్వరగా అయిపోతుంది అనుకుంటాం. అయిపోయేది పెయింటే.

డిక్కీ మీద ఫిల్మ్ ఎండకి పగిలిపోయి, గోరంత ముక్కలుగా వచ్చింది. ఆ ఒక్క డిక్కీకే మొదటి ఆదివారం అంతా సరిపోయింది. మిగిలిన బంక మీద గుడ్డతో కొంచెం కిరోసిన్ రాసి, కాసేపు నాననిచ్చి తుడిచి, వెంటనే సబ్బు నీళ్లతో కడిగాం. థిన్నర్ వాడకండి, ముఖ్యంగా కారుకి ఎక్కడైనా బయట పెయింట్ వేయించి ఉంటే అది కరిగిపోతుంది. ఇంకోటి, కిరోసిన్ రాసేటప్పుడు డ్రయ్యర్ ప్లగ్ తీసి దూరంగా పెట్టండి. రెండూ ఒకేసారి వద్దు. పెట్రోల్ అయితే అసలే వద్దు. ఇది జోక్ కాదు.

నాన్న లెక్క సగం తప్పు అన్నాను కదా. ఫిల్మ్ కింద పెయింట్ నిజంగానే తెల్లగా, కొత్తగా ఉంది. కానీ చుట్టూ ఉన్న పెయింట్ ఇన్నేళ్ల ఎండకి పాలిపోయింది. దాంతో స్టిక్కర్ తీసేసినా దాని ఆకారం మాత్రం కారు మీద అలాగే కనిపిస్తోంది. ఏటవాలుగా చూస్తే డిక్కీ మీద ఆ నలుచదరం స్పష్టంగా తెలుస్తుంది. కాపాడింది నిజమే, మచ్చ పెట్టిందీ నిజమే. మంచి ఫిల్మ్ అయినా ఏళ్ల తరబడి వదిలేయకూడదు, చవకది అయితే రెండు మూడేళ్లకే తీసేయడం మేలు.

రెండో ఆదివారం కుడి డోర్ గంటన్నరలో అయిపోయింది. ఇక ఎడమ డోర్.

ఇప్పుడు అసలు విషయం. 2016లో నాకు పద్దెనిమిదేళ్లు. నాన్న పెళ్లికని రైల్లో ఊరెళ్లారు. కారు తాళాలు ఇంట్లో ఉన్నాయి. నేను కారు బయటికి తీసి, సందు తిప్పేటప్పుడు ఎదురింటి గేటుకి ఆ డోర్‌ని రాకించేశాను. సొట్ట, పొడుగ్గా గీత. ఫ్రెండ్ ఒకడు ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లాడు. టింకరింగ్ చేసి, లప్పం పెట్టి, సాయంత్రానికల్లా తెల్ల రంగు కొట్టి ఇచ్చేశారు. నాన్న వచ్చేసరికి కారు ఉన్నచోటే ఉంది. తర్వాత రెండేళ్లకి దాని మీద స్టిక్కర్ పడింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పటి నుంచి మర్చిపోయాను.

కంపెనీలో వేసే పెయింట్‌ని పెద్ద ఓవెన్లలో కాలుస్తారు. ఒక పొర ఇంకో పొరని గట్టిగా పట్టుకుంటుంది. హడావుడిగా ఒక పూటలో కొట్టిన పెయింట్‌కి ఆ పట్టు ఉండదు. అందుకే ఫిల్మ్ కంపెనీలు కూడా, బయట వేయించిన పెయింట్ మీద అయితే మాది గ్యారంటీ కాదు అంటాయి. నేను ఇదంతా చదివాను. చదివి కూడా నాన్నకి చెప్పకుండా డ్రయ్యర్ పట్టుకుని నిలబడ్డాను.

నాన్న చాలా నెమ్మదిగానే లాగారు. అయినా సరే, హ్యాండిల్ కింద నుంచి అరచెయ్యి అంత పెయింట్ ఫిల్మ్‌తో పాటు వచ్చేసింది. కింద లేత పసుపు లప్పం. నాన్న ఆ ఫిల్మ్ ముక్క తిప్పి చూశారు. వెనక తెల్ల పెయింట్ అంటుకుని ఉంది. డోర్ వంక చూశారు. నా వంక చూశారు. నేను డ్రయ్యర్ ఆపేశాను.

"నేనే నాన్నా. మీరు పెళ్లికి వెళ్లినప్పుడు" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "ఎంత తీసుకున్నాడు?"

"పద్దెనిమిది వందలు."

"నీకెక్కడివి?"

"పుస్తకాలకి ఇచ్చారు కదా, అవి."

నాన్న ఆ ముక్క మడిచి చెత్త సంచిలో వేసి, "లప్పం ఇంత మందం పెట్టాడు. మోసం చేశాడు నిన్ను" అన్నారు. అంతే. మళ్లీ మిగతాది లాగడం మొదలుపెట్టారు. సాయంత్రం అమ్మకి ఆయనే చెప్పారు, రాయి తగిలి ఊడింది అని.

కొనేవాడు ఆ డోర్ చూసి ఎనిమిది వేలు తగ్గించాడు. యాడ్ వాళ్లు మొత్తం ఇచ్చింది ఆరు వేలు. కారు పోయింది. ఎనిమిది వేలు నేను నాన్నకి నెలకి ఇంత అని ఇస్తున్నాను. వద్దంటున్నారు, తీసుకుంటున్నారు.

మీరు మీ కారుకో బైక్‌కో ర్యాప్ వేయించుకోవాలనుకుంటే నా మాటగా నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఫిల్మ్ క్యాస్టా, క్యాలెండర్డా అని ముందే అడగండి. రెండు, ఎన్నేళ్లకి తీయాలి, ఎవరు తీస్తారు, తీసేదానికి డబ్బులెంత అని వేసే రోజే మాట్లాడుకోండి. మూడు, ఆర్‌సీలో మీ బండి రంగు రాసి ఉంటుంది. మొత్తం రంగు మార్చేస్తే ఆర్‌టీఓ ఆఫీసులో పర్మిషన్ తీసుకోండి, లేకపోతే రోడ్డు మీద సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. నాలుగు, ఎక్కడైనా బయట పెయింట్ వేయించి ఉంటే ఆ సంగతి షాపువాడికి చెప్పండి. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి.

మాస్కింగ్ టేపు ఎప్పుడైనా చేతికి దొరికితే ఒకసారి అంటించి తీసి చూడండి. ఏమీ అంటకుండా ఊడొస్తుంది కదా, దాని కోసం ఒక కుర్రాడు రెండేళ్లు కష్టపడ్డాడు.

ఈ రోజుకి ఇంతే. మీ ఇంట్లో బండి మీద స్టిక్కర్ కథ ఏదైనా ఉంటే రాయండి, చదువుతాను. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.